నలభై లోపు

సూది గుచ్చితే పెద్ద నొప్పేం పుట్టదు. గుచ్చే ముందు నలుగురు మీదపడి పట్టుకుంటారే, నొప్పంతా అక్కడుంది. ఇరవై మూడేళ్ళుగా మానసిక రోగుల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పగలను.

మనిషి ఉద్రేకం పట్టలేక మంచాలు తిరగేస్తున్నప్పుడు, కన్నవాళ్ళని కూడా గుర్తుపట్టక కొడుతున్నప్పుడు ఇంజెక్షన్ ఇవ్వక తప్పదు. కానీ దానికో పద్ధతుంది. ముందు మాట్లాడాలి. మాట్లాడి మాట్లాడి మన నోరు నొప్పి పుట్టాకే సిరంజి తియ్యాలి. బీపీ చూడకుండా గుచ్చకూడదు. ఒక మత్తు సూది పడ్డాక గంట తిరక్కుండా ఇంకో రకం మత్తు సూది పడకూడదు, రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. గుచ్చేసి చేతులు దులుపుకుని వెళ్ళిపోకూడదు, పక్కనే కూర్చుని నాడి, ఊపిరి చూస్తూ ఉండాలి. కొత్తగా వచ్చిన నర్సులకి ఇవన్నీ నేనే నేర్పుతాను. నేర్పేటప్పుడు నాకు కాస్త నోరెక్కువని వార్డంతా చెప్పుకుంటుంది.

అంత నోరున్న నేనే, ఎస్తేరు రాణి అనే హెడ్ నర్సుని, ఒక తప్పు పని నేర్పాను. అది తప్పని నాకు తెలుసు. దాని వల్ల జరిగినదాంట్లో ఏది మంచో ఏది చెడో మాత్రం ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను. రాస్తేనైనా తేలుతుందేమోనని చూస్తున్నాను.

*

మా ఆసుపత్రి కాకినాడలో ఉంది. రెండేళ్ళ క్రితం డాక్టర్ భానోజీ గారు అక్కడే చిన్న ప్రయోగశాల పెట్టి ‘నిదానం’ అనే మందు తయారుచేశారు. మందు పాతదే. దాన్ని దాచిన తీరు కొత్తది. ఆవగింజలో సగం కూడా లేని పూసల్లో మందు నింపి, తుంటి కండలోకి ఎక్కిస్తారు. నెల రోజులు ఆ పూసలు అక్కడే నిద్రపోతూ ఉంటాయి. రోగి చేతికి నల్లటి పట్టీ ఒకటి పెడతారు. అది నాడి చూస్తుంది, చెమట చూస్తుంది, గొంతులో వణుకు వింటుంది. ఉద్రేకాన్ని సున్నా నుంచి వంద దాకా అంకెగా చూపిస్తుంది. అంకె ఎనభై దాటిందా, పట్టీ పూసలకి కబురు పెడుతుంది. నలభై లోపుకి దిగేదాకా అవి కొంచెం కొంచెంగా మందు వదులుతూ ఉంటాయి. ఎవరూ ఎవరినీ పట్టుకోనక్కర్లేదు, తాళ్ళతో కట్టనక్కర్లేదు.

“మరి రోగి పట్టీ పీకి పారేస్తే?” అని మొదటి రోజే అడిగాను నేను. ఇరవై మూడేళ్ళలో నా కళ్ళద్దాలే ఆరుసార్లు పీకి పారేశారు.

భానోజీ గారు నవ్వారు. “దానికి ఏర్పాటు చేశాం సిస్టర్. ఎనభై దాటగానే కొక్కెం బిగుసుకుపోతుంది. నలభై లోపుకి వస్తేగానీ ఊడదు. కత్తిరించినా, పూసలకి దూరంగా తీసుకెళ్ళినా లాభం లేదు. పట్టీ చెప్పిన ఆఖరి మాటనే పూసలు ఆరు గంటల పాటు పాటిస్తాయి. మామూలప్పుడు ఊడదీస్తే మాత్రం గోల చేస్తుంది, మళ్ళీ పెట్టేదాకా ఊరుకోదు.”

గోల అంటే అలా ఇలా కాదు, చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. విడతకి తొమ్మిదిమంది రోగులకి పెట్టేవాళ్ళం. రోజూ పొద్దున్న స్నానాల వేళకి వార్డంతా ఒకటే కూతలు. ఆ కూతకి పక్క మంచం రోగి బెదిరేవాడు, అతను అరిస్తే ఇంకొకరు. రోగిని నెమ్మది పరచడానికి తెచ్చిన యంత్రం వార్డుని సంతలా చేసింది.

నాలుగో రోజు నాకు విసుగొచ్చింది. పట్టీకి చర్మం తగిలితే చాలు, అది ఎవరి చర్మమో అడగదని అప్పటికే కనిపెట్టాను. రోగికి తోడుగా ఉన్న ఇంటివాళ్ళందరినీ పిలిచి, “స్నానం చేయించేటప్పుడు మీ చేతికి పెట్టుకోండి. పది నిమిషాలే కదా. అయిపోగానే మళ్ళీ వాళ్ళకి పెట్టెయ్యండి” అని చెప్పాను. ఆ రోజు నుంచీ వార్డు ప్రశాంతంగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. భానోజీ గారికి మాత్రం చెప్పలేదు. ప్రతి చిన్న విషయం పెద్ద డాక్టర్లతో చెబుతూ కూర్చుంటే పని జరగదని నా నమ్మకం.

*

త్రిమూర్తులిని తెచ్చినప్పుడు తాళ్ళతో కట్టి తెచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్. వాళ్ళది నరసాపురం దగ్గర ఊరు. పదిహేనో ఏట మొదలైన జబ్బు, మధ్యలో మందులు మానేసినప్పుడల్లా తిరగబెడుతోంది. ఈసారి రెండు నెలలు మానేశాడట. వెంట వచ్చింది వాళ్ళమ్మ వరహాలమ్మ. యాభై ఆరేళ్ళు ఉంటాయి. లేసు అల్లి బతుకుతుంది. భర్త పోయి పద్నాలుగేళ్ళయింది.

“ఇంజను ఆపండ్రా! ఆపకపోతే అందరూ చచ్చిపోతారు!” అని అతను అరుస్తున్నాడు. ఏ ఇంజనూ లేదు అక్కడ. అతని తలలో ఉంది.

తాళ్ళు విప్పించాను. చెయ్యి చాస్తే అందనంత దూరంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. నలభై నిమిషాలు మాట్లాడాను. ఆ ఇంజను ఏ కంపెనీది, ఎన్ని సిలిండర్లు, ఎక్కడ మొరాయిస్తోంది అని అడిగాను. అరుస్తూనే జవాబులు చెప్పాడు. చివరికి అతనే నా చేతిలోని సిరంజి చూసి, “ఇది పొడిస్తే ఆగుద్దా?” అన్నాడు.

“పూర్తిగా ఆగుతుందని మాటివ్వలేను. చప్పుడు తగ్గుతుంది” అన్నాను.

పక్కకి తిరిగి పడుకున్నాడు. ఎవ్వరూ పట్టుకోలేదు. పూసలు ఎక్కించి, పట్టీ పెట్టి, మూడు గంటలు పక్కనే కూర్చున్నాను. తర్వాత సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఇన్నేళ్ళలో ఎంతమందిని మోకాళ్ళతో నొక్కి పట్టించానో, ఆ ముఖాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

వారం తిరిగేసరికి త్రిమూర్తులు మా వార్డులో రెండేళ్ళుగా కిర్రుమంటున్న ఫ్యాను విప్పి బాగుచేశాడు. వరహాలమ్మ మంచం పక్కన చాప మీద కూర్చుని లేసు అల్లుకునేది. మధ్యమధ్యలో తలెత్తి కొడుకు పట్టీ మీద అంకె చూసేది. పద్దెనిమిది, ఇరవై రెండు, పదిహేను. మాతో ఉండి ఆవిడకి బీపీ అంకెలు కూడా వచ్చేశాయి. “పొద్దున్న నూట పద్దెనిమిదుందండి” అని నాకే చెప్పేది.

“అమ్మా, ఆ అంకె చూడకే. నువ్వు చూత్తే నాకు పరీచ్చ రాసినట్టుంటది” అనేవాడు కొడుకు.

“నువ్వు ఊరుకో. నీ లోపల ఏం జరుగుతాందో ఇన్నేళ్ళూ తెలీక చచ్చాను. ఇప్పుడు కనపడతా ఉంటే చూడొద్దంటావేటి?”

ఆ మాట విని నవ్వాను. నాకూ ఆ అంకె మీద అంత నమ్మకమే ఉండేది.

*

అది కార్తీక సోమవారం. వరహాలమ్మ ఉపవాసం. పొద్దున్న కొడుక్కి స్నానం చేయించింది. పట్టీ కింద చర్మం ఎర్రగా కందిపోయిందని ముందురోజే నాకు చూపించింది. “కాసేపు గాలి తగలనివ్వండి” అన్నాను. పట్టీ కాస్త వదులు చెయ్యమని నా ఉద్దేశం. నా ఉద్దేశం నా నోట్లోనే ఉండిపోయింది.

పదకొండింటికి ఆరో నంబరు మంచం మీది రోగి అన్నం కంచం గోడకేసి కొట్టాడు. అతనికి నిదానం పూసలు ఇవ్వలేదు, పాత మందుల మీదే ఉన్నాడు. నేను అక్కడికి పరుగెత్తాను. అతనితో మాట్లాడి, ఒప్పించి, మాత్ర మింగించి వచ్చేసరికి అరగంట పట్టింది. వచ్చి చూస్తే నాలుగో నంబరు మంచం దగ్గర, పట్టీ అంకె చూపించే తెర ఎర్రగా వెలుగుతోంది. అంకె తొంభై నాలుగు.

అది త్రిమూర్తులి మంచం. అతను పడుకుని ఉన్నాడు, కదలడం లేదు. కాళ్ళ దగ్గర వరహాలమ్మ నిలబడి “మూర్తీ, ఒరే మూర్తీ, లేరా” అని పిలుస్తోంది. గొంతు వణికిపోతోంది.

చెంప తట్టాను. ఊ అనలేదు. బీపీ చూశాను. పైది డెబ్బై.

భానోజీ గారు, మా వార్డులో కొత్తగా చేరిన నర్సు ఫర్హానా పరుగున వచ్చారు. ఆయన చూపు తెర మీదే ఉంది. “తొంభై ఆరు! పూసలు ఇంతసేపటి నుంచి వదులుతున్నా తగ్గట్లేదా?”

“సార్, మనిషి ఒంటిమీద తెలివి లేకుండా ఉన్నాడు” అన్నాను.

“కొందరు బిగుసుకుపోయినట్టు పడి ఉంటారు సిస్టర్, మీరు చూశారు కదా. బయటికి నిద్రలా ఉంటుంది, లోపల కుతకుతలాడుతూ ఉంటారు. ఇదీ అదే అయ్యుంటుంది. ఫర్హానా, మామూలు మత్తు సూది సిద్ధం చెయ్యండి.”

“బీపీ డెబ్బై ఉంది సార్.”

“ఆ మిషను సరిగా చూపిస్తోందా? మళ్ళీ చూడండి.”

మళ్ళీ చూశాను. అరవై ఎనిమిది. అబద్ధం ఎందుకు, నాకూ బుర్ర తిరిగిపోయింది. ఒక యంత్రం ఈ మనిషి ఉద్రేకంతో ఊగిపోతున్నాడంటోంది. ఇంకో యంత్రం ఇతను జారిపోతున్నాడంటోంది. వార్డులోకి వచ్చినప్పటి నుంచీ ఆ అంకె ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఫర్హానా సిరంజిలోకి మందు లాగుతుంటే వద్దనడానికి నోరు రాలేదు. ఒకవేళ నిజంగానే అతని లోపల ఇంజను పగిలిపోయేలా తిరుగుతోందేమో, ఎవరు చూడొచ్చారు?

ఏం చెయ్యాలో తోచక, నాడి చూద్దామని నాకు దగ్గరగా ఉన్న కుడిచెయ్యి పట్టుకున్నాను. చేతికి కొబ్బరినూనె తగిలింది. మణికట్టు చుట్టూ ఎర్రగా కందిన చార ఉంది. పట్టీ లేదు.

తలెత్తి వరహాలమ్మ చేతుల వైపు చూశాను. కొంగు చాటున నల్లపట్టీ. దాని మీద ఎర్రదీపం ఆగకుండా కొట్టుకుంటోంది.

“ఆగమ్మా!” అని ఫర్హానా చెయ్యి పట్టుకున్నాను.

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. గాలి తగలనివ్వమన్నానని పట్టీ తన చేతికే ఉంచుకున్న ఆవిడ, కంచం చప్పుడికి ఉలిక్కిపడింది. అంకె ఎనభై దాటింది. కబురు కొడుకు ఒంట్లో పూసలకి వెళ్ళింది. కొడుకు మాట ముద్దయింది. అది చూసి ఆవిడ భయపడింది. అంకె పెరిగింది. ఆవిడ ఎంత భయపడితే కొడుకు అంత మునిగిపోయాడు, కొడుకు మునిగినకొద్దీ ఆవిడ భయం పెరిగింది.

భానోజీ గారు కూడా చూశారు. ముఖం పాలిపోయింది. “ఎవరమ్మా మీకు ఇలా పెట్టుకోమని చెప్పింది?”

వరహాలమ్మ నోరు తెరిచింది. నా వైపు చూసింది. నోరు మూసుకుంది.

“సార్, అది తర్వాత” అన్నాను.

*

ఆవిడకి అర్థం కాకూడదని మూలకి వెళ్ళి ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. కొక్కెం బిగుసుకుపోయింది. కత్తిరిస్తే పూసలు ఇంకో ఆరు గంటలు మందు వదులుతాయి. ఆవిడని దూరంగా పంపేసినా అంతే. పూసల్ని కోసి తీద్దామంటే కండలో రెండు వేలున్నాయి. విరుగుడు మందు లేదు. సెలైను ఎక్కించి, కాళ్ళు ఎత్తులో పెట్టి కాచుకోవడం తప్ప చేసేదేమీ లేదు. ఇలాగే సాగితే గంటలోపే ఊపిరి ఆగిపోతుందని భానోజీ గారు అన్నారు.

మార్గం ఒక్కటే. ఆవిడ చేతిలోని అంకె నలభై లోపుకి దిగాలి. కొడుకు పోతుంటే తల్లి నెమ్మదించాలి.

“ఆమెకే మత్తు సూది ఇచ్చేద్దాం మేడమ్” అంది ఫర్హానా.

ఆ మాట నాకూ తట్టింది. వెళ్ళి బీపీ చూశాను. కూర్చుంటే నూట నాలుగు, నిలబెడితే ఎనభై ఎనిమిది. రాత్రి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఇప్పుడు గుచ్చితే ఈవిడ కూడా పడిపోతుంది. పైగా మందు పనిచేయడానికి ఇరవై నిమిషాలైనా కావాలి, ఎంత పనిచేస్తుందో తెలియదు. ఆవిడ రోగి కూడా కాదు. ముందు మాట్లాడాలి అని అందరికీ చెప్పేదాన్ని కదా, చెప్పినదాన్ని నేనే చెయ్యాల్సొచ్చింది.

వరహాలమ్మని ఆకుపచ్చ గుడ్డ తెర అవతలికి తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టాను. కొడుక్కి పది అడుగుల దూరం, కొడుకు కనపడడు. నేను ఎదురుగా కూర్చున్నాను. పట్టీ మీద అంకె నా వైపు తిరిగి ఉంది. తొంభై ఒకటి.

“మూర్తికేమైందండీ?”

“ఏం కాలేదు. మందు కాస్త ఎక్కువ పట్టింది. నిద్రపోతున్నాడు.”

“బీపీ ఎంతుందండి?”

“నూట ఇరవై.”

“నిజంగానా సిస్టరమ్మా?”

“నేను మీకెప్పుడైనా అబద్ధం చెప్పానా?”

చెప్పలేదు. ఆ నిమిషం దాకా ఆవిడకి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆవిడ నా కళ్ళలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఇరవై మూడేళ్ళుగా అరిచేవాళ్ళ ముందు అదరకుండా కూర్చోవడం నేర్చుకున్నాను, ఆ విద్యంతా అక్కడ వాడేశాను.

“ఇది ఊడట్లేదండి. ఆడికి పెట్టేద్దామంటే రావట్లేదు.”

“కాసేపాగితే అదే ఊడుతుంది. ఈలోపు నాకో పని చేసిపెట్టండి. మా అమ్మాయి లేసు నేర్చుకోమని ప్రాణం తీస్తోంది. ఎలా మొదలెట్టాలో చూపించండి.”

“ఇప్పుడేటండి లేసు!”

“వాడు లేచేదాకా మనం చేసే పనేముంది?”

ఆవిడ సంచిలోంచి దారపుండ, కొక్కెపు సూది తీసింది. మొదటి ముడి మూడుసార్లు జారిపోయింది. నాలుగోసారి పడింది. అంకె ఎనభై ఆరు. నా చేతికిచ్చింది. నేను అల్లబోయాను.

“అలా కాదండీ. మీరు ఇంజిచ్చన్ పొడిచినట్టు పొడిచేత్తన్నారు. ఇది పొడిచేది కాదండి, లాగేది.”

“ఇలాగా?”

“అయ్యో, దారం గొంతు పిసుకుతున్నారు. వదులుగా పట్టుకోండి.”

డెబ్బై ఏడు. అరవై తొమ్మిది. నాకు నిజంగానే రావడం లేదు, అదే మంచిదైంది. ఆవిడ నా వేళ్ళు పట్టుకుని దిద్దుతోంది. ఏ ఊళ్ళో ఎవరు ఏ రకం అల్లుతారో, చిన్నప్పుడు వాళ్ళమ్మ తప్పు పోతే మొత్తం ఎలా విప్పించేదో చెబుతోంది. యాభై రెండు.

“మేడమ్, బీపీ అందట్లేదు!” అని తెర అవతల నుంచి ఫర్హానా కేకేసింది.

వరహాలమ్మ చప్పున లేచింది. అంకె ఎనభై ఒకటి.

“ఆ మిషను పాడైందని నిన్నే చెప్పాను కదా!” అని గట్టిగా అరిచాను. “స్టోరులోది తెచ్చుకో! ఒక్క పనీ సరిగా చెయ్యరు!” వరహాలమ్మ వైపు తిరిగి, “చూశారా, వీళ్ళతో నా బతుకిలా ఉంది” అని విసుక్కున్నాను. నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఆ పట్టీ నా చేతికుంటే ఆ కుర్రాడు ఎప్పుడో పోయేవాడు.

ఆవిడ మెల్లగా కూర్చుంది. మళ్ళీ మొదటి నుంచి. అరవై ఆరు. యాభై ఎనిమిది. నలభై ఏడు. నలభై ఒకటి. అక్కడ ఆగిపోయింది. నలభై ఒకటి, నలభై రెండు, నలభై ఒకటి. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాయి. తెర అవతల చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం మంచికో చెడుకో తెలియలేదు. నా మెదడు మొద్దుబారిపోయి, చేతిలోని దారాన్ని ఎటు లాగాలో కూడా తెలియక నాలుగు పోగులు కలిపి పెద్ద చిక్కు వేసేశాను.

వరహాలమ్మ దాన్ని పైకెత్తి చూసింది. “ఇదేటండిది, చేపల వలా?” అంది. నవ్వొచ్చేసింది ఆవిడకి.

ముప్పై తొమ్మిది. కొక్కెం టక్కుమంది.

ఊడదీసుకుని పరుగెత్తాను. కొడుకు మణికట్టుకి పెట్టాను. తెర మీద ఆరు అని పడింది. పూసలు మూసుకున్నాయి.

*

సాయంత్రం నాలుగున్నరకి త్రిమూర్తులు కళ్ళు తెరిచాడు. మంచినీళ్ళడిగాడు.

ప్రయోగం ఆగిపోయింది. మిగతా ఎనిమిదిమంది పట్టీలనీ ప్రయోగశాలవాళ్ళే దగ్గరుండి చూసుకోవడం మొదలెట్టారు. భానోజీ గారు నా గదికి వచ్చారు. “కోపంతో పీకేస్తారని జాగ్రత్తపడ్డాను సిస్టర్. ప్రేమతో తీసి తమ చేతికి పెట్టుకుంటారని ఎవరికి తడుతుంది?”

విచారణలో వరహాలమ్మని అడిగితే, “ఎవరూ చెప్పలేదండి. నా అంతట నేనే పెట్టుకున్నాను” అందట. నివేదికలో ‘తోడున్న వ్యక్తి పొరపాటు’ అని రాశారు. వెళ్ళి చెప్పాను, నేర్పింది నేనేనని. నివేదిక మార్చారు, నాకు మెమో ఇచ్చారు. మెమో తీసుకున్నప్పుడు కాస్త ఊపిరాడింది, అంతే.

కానీ ఆ విచారణలోనే, ఎవరో పెద్దాయన, ఏం జరిగిందో ఆవిడకి పూసగుచ్చినట్టు చెప్పేశాడు. మీ భయమే పట్టీలోంచి మీ అబ్బాయి ఒంట్లోకి మందుగా వెళ్ళిందమ్మా అని. చెప్పాల్సిందే, ఆవిడకి తెలుసుకునే హక్కుంది. ఆ రోజు నుంచి ఆవిడ వార్డులోకి రావడం మానేసింది. వరండా చివర కూర్చుంటుంది. అన్నం కలిపి నా చేతికిచ్చి పంపిస్తుంది.

నాలుగో రోజుకి పూసలు వదిలిన మందంతా ఒంట్లోంచి దిగిపోయింది. త్రిమూర్తులికి ఇంజను మళ్ళీ మొదలైంది. “మా అమ్మేదీ? మా అమ్మని చంపేశారు మీరు! నాకు తెలుసు!” అని మంచం గోడకి గుద్దుతున్నాడు. ఫర్హానా పాత ఇంజెక్షను ట్రేలో పెట్టి తెచ్చింది. అతని దగ్గరికి ఎలాగో వెళ్ళి బీపీ చూస్తే తొంభై నాలుగు. మొన్నటి దెబ్బ నుంచి ఒళ్ళు ఇంకా తేరుకోలేదు. గుచ్చితే మళ్ళీ ఎంతకి పడిపోతుందో చెప్పలేం. గుచ్చకపోతే తల గోడకేసి పగలగొట్టుకునేలా ఉన్నాడు.

“ట్రే పట్టుకుని ఇక్కడే ఉండు. ముట్టుకోకు” అని వరండాలోకి పరుగెత్తాను.

వరహాలమ్మకి అన్నీ వినిపిస్తున్నాయి. చీరకొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

“రండి. మీరు కనపడితే చాలు, నెమ్మదిస్తాడు.”

“నేను రాను సిస్టరమ్మా. నా దడ ఆడికి తగులుద్ది.”

“పట్టీ లేదు వరహాలమ్మ గారూ. తీసి పారేశాం. ఇప్పుడు ఏదీ తగలదు. ఆ పట్టీ మీకు పెట్టుకోమని నేర్పింది నేను. తప్పు నాది.”

“అది కాదండి.” కొంగు తీసింది. “పట్టీ ఉంది గాబట్టి ఆ వేళ కనపడింది. ఆళ్ళ నాన్న పోయినప్పుడు ఆడికి పదిహేనేళ్ళు. ఆ ఏడే వచ్చిందండి జబ్బు. ఆ రోజు నుంచీ నేను భయపడతానే ఉన్నాను. ఆడు బయటికెళ్తే భయం, ఇంట్లో ఉంటే భయం, నవ్వితే భయం. ఇన్నేళ్ళ భయం ఎక్కడికెళ్ళిందండి? ఆడి జబ్బు నేనేనేమో.”

“కాదు” అన్నాను. “ఎంతమాత్రం కాదు. జబ్బు మెదడుకి వస్తుంది. తల్లి భయపడితే వచ్చేది కాదు. మీరు అన్నం పెట్టి, మందు మింగించి, ఇన్నేళ్ళు నిలబెట్టారు అతన్ని.”

“నిజంగానా?”

“నిజంగా.”

ఆవిడ నా ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉన్నా బాగుండేది.

“ఆ వేళ కూడా ఇలాగే చెప్పారండి. బీపీ నూట ఇరవై అని.”

నిజం చెప్పే ముఖం, అబద్ధం చెప్పే ముఖం నాకు వేరువేరుగా లేవు. ఉంటే ఆ రోజు ఆ కుర్రాడు బతికేవాడు కాదు.

లోపల నుంచి “అమ్మా!” అని కేక వినిపించింది. ఆవిడ లేచింది. వార్డు తలుపు దాకా గబగబా వచ్చి ఆగిపోయింది. కుడిచేతి వేళ్ళతో ఎడమ మణికట్టు పట్టుకుంది. తన నాడి తనే చూసుకుంటోంది. పెదాలు లెక్కపెడుతున్నాయి.

“పదండి, పిలుస్తున్నాడు” అన్నాను.

“ఉండండి. ఇంకా కొట్టుకుంటాంది.”

లోపల కొడుకు పిలుస్తూనే ఉన్నాడు. తన గుండె నెమ్మదించేదాకా ఆవిడ గడప ఇవతలే నిలబడింది.